తావోకు మన మాట సరిపోతుందా?

హైదరాబాదు పత్తర్‌గట్టి రాతి కమానుల కింద ముత్యాలు బేరమాడేవాళ్లు ఇప్పటికీ బస్రా పేరే ఎత్తుతారు. దండలకెక్కి వేలాడే సరుకులో మాత్రం చాలా భాగం చైనా మంచినీళ్లలో పెంచిన ముత్యాలే. ఆ అంగళ్లకు దగ్గర్లోనే దివాన్ దేవడీ ఉండేది. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ పోగుచేసిన చైనా పింగాణీ, జేడ్ పాత్రలు, నస్యం బుడ్లు ఆ దేవడీలోనే ఉండేవి. 1951 డిసెంబరు 16న నెహ్రూ సాలార్‌జంగ్ మ్యూజియాన్ని తెరిచింది అక్కడే. 1968లో ఆ సామానంతా మూసీ ఒడ్డున కట్టిన కొత్త భవనానికి చేరింది. చైనా పింగాణీ మీద తరచు కనిపించే బొమ్మల్లో ఎనిమిదిమంది అమరులు, కొంగ, పీచ్ పండు, గబ్బిలం ఉంటాయి. వీటిలో చాలా వాటి వెనక తావో సంప్రదాయం ఉంది. మనకు గబ్బిలం అపశకునం. జాషువా దానికి కాశీ శివుడి దగ్గరకు కబురు మోసే గౌరవం ఇచ్చేదాకా మన సాహిత్యంలో దానికి మంచి పాత్రే లేదు. చైనా భాషలో గబ్బిలాన్ని పిలిచే మాటా, శుభాన్ని పిలిచే మాటా ఒకేలా పలుకుతాయి కాబట్టి అక్కడ అది ఇంటికి మేలు తెచ్చే జీవి. బొమ్మ విషయంలోనే ఇంత తేడా ఉంటే, మాట విషయంలో ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు.

తావోను మన మాటల్లో ఏమనాలన్న చర్చ కొత్తదేమీ కాదు. అది మొదలై దాదాపు 1,400 ఏళ్లయింది. ఈ మధ్యకాలంలో మాత్రం బాగా చిక్కుపడింది. ఒకరు అది ఉపనిషత్తుల బ్రహ్మమే అంటారు. ఒకరు గీతలోని నిష్కామ కర్మ అంటారు, మరొకరు ఉన్నదంతా ఒక్కటే అనే సూఫీల వహ్దతుల్ వుజూద్ అంటారు. మన శ్రీశైలం సిద్ధుల రసవాదమే అటు వెళ్లిందనేవారూ ఉన్నారు, అటునుంచే ఇటు వచ్చిందనేవారూ ఉన్నారు. ఈ వాదాలన్నీ తావో స్వరూపం చుట్టూనే తిరుగుతాయి. తావోను నమ్మినవాడు ఎలా బతకాలి, దేన్ని మంచి గుణం అనుకోవాలి అన్న ప్రశ్న వెనకబడిపోయింది. ఆ ప్రశ్నను ముందు పెట్టుకుంటే ఈ సమీకరణల్లో ఏది నిలుస్తుందో, ఏది నిలవదో తేల్చడం కొంత సులువవుతుందన్నది ఈ వ్యాసం వాదన.

647 నాటి తగువు

కామరూప (ఇప్పటి అస్సాం) రాజు తావో సంప్రదాయపు మూలగ్రంథం, లావో త్సు పేరు మీదున్న 'తావో తె చింగ్' సంస్కృతంలో కావాలన్నాడని ఒక రాయబారి వచ్చి టాంగ్ చక్రవర్తికి విన్నవించాడు. ఆ పని తెలుగువాళ్లకు హుయన్‌త్సాంగ్‌గా తెలిసిన బౌద్ధ పండితుడికి అప్పగించారు. తోడుగా తావో పండితులనూ కూర్చోబెట్టారు. అప్పటికి ఏడెనిమిదేళ్ల ముందే ఆయన వేంగి, ధాన్యకటకం చూసి వెళ్లాడు. ధాన్యకటకంలో నెలల తరబడి ఉండి మహాసాంఘికుల అభిధర్మం చదువుకున్నాడు. అంటే సంస్కృతంలో మాటలు ఎంచుకోవడానికి కూర్చున్న ఆ మనిషి కృష్ణ ఒడ్డున పాఠం విన్నవాడే.

తగువు మొదటి మాట దగ్గరే వచ్చింది. తావో అన్నదాన్ని 'బోధి' అనాలని తావో పండితులు పట్టుబట్టారు. బోధి అంటే మేలుకోవడం, తావో అంటే దారి, కాబట్టి 'మార్గ' అనాలని హుయన్‌త్సాంగ్ అన్నాడు. పుస్తకానికి ముందు చేర్చిన పాత పీఠికలో పళ్లు తాటించడం, ఉమ్మి మింగడం వంటి దీర్ఘాయుస్సు సాధనలున్నాయి. వాటిని భారతదేశానికి పంపితే నవ్వులపాలవుతామని ఆయన వాటిని అనువదించనన్నాడు. ఈ కథ మనకు ఒక బౌద్ధ గ్రంథకర్త రాసిపెట్టినందువల్లే తెలుసు. అవతలి పక్షం దీన్ని ఎలా చెప్పుకుందో తెలియదు కాబట్టి కొంచెం జాగ్రత్తగా చదవాలి. బౌద్ధులు, తావోవాదులు ఆస్థానంలో ముందు వరుస కోసం పోటీ పడుతున్న రోజులవి. బోధి అన్న మాట ఇస్తే అవతలివాళ్లకు బుద్ధుడితో సమాన పీట వేసినట్టవుతుంది. హుయన్‌త్సాంగ్ పట్టుదల వెనక ఈ లెక్కా ఉండే ఉంటుంది. అయినా తీర్పు చెప్పమంటే ఆయన పక్షమే నా మొగ్గు. ఉద్దేశం ఏదైనా సూత్రం సరైనదే: అవతలివాడి మాటకు మన పీఠం మీద కూర్చున్న మాటను అరువివ్వకూడదు. అరువు మాటతో పాటు మన అర్థాలన్నీ వెంటబడి వస్తాయి.

'మార్గం' కూడా పూర్తిగా అతకదు. మనకు మార్గం అనగానే అది చేర్చే చోటు గుర్తొస్తుంది. భక్తి మార్గమైనా, జ్ఞాన మార్గమైనా, అష్టాంగ మార్గమైనా చివర ఒక గమ్యం ఉంటుంది. తావో ఎక్కడికీ చేర్చదు. నీళ్లు పల్లానికి పోయినట్టు సమస్తం నడిచే తీరే తావో. పైగా చైనా భాషలో ఆ మాటకు 'చెప్పడం' అన్న అర్థం కూడా ఉంది. 'తావో తె చింగ్' మొదటి వాక్యం ఆ రెండర్థాల మీదే ఆడుకుంటుంది. ఏ భాషలోకి తెచ్చినా ఆ ఆట పోతుంది.

పుస్తకం వయసు, వెదురు పలకలు

లావో త్సు ఎవరన్నది తేలని లెక్క. కన్ఫ్యూషియస్ కంటే పెద్దవాడని, రాజాస్థానంలో గ్రంథాలు చూసుకునేవాడని, సరిహద్దు కనుమ దగ్గర కావలివాడు అడిగితే పుస్తకం రాసిచ్చి పడమటికి వెళ్లిపోయాడని సంప్రదాయం. క్రీ.పూ. ఒకటో శతాబ్దికి చెందిన చరిత్రకారుడు సిమా చియెన్‌కే ఆయన గురించి స్పష్టత లేదు. ఇప్పటి పండితుల్లో చాలామంది ఈ పుస్తకాన్ని ఒక్క చేతి రాతగా చూడరు, తరాలుగా పోగైన సూక్తుల సంకలనంగా చూస్తారు. మన వేమన పద్యాల్లో ఏది వేమనదో, ఏది తర్వాత చేరిందో తేల్చలేనట్టే ఇదీ.

తవ్వకాల్లో దొరికినవి ఈ చర్చను మలుపు తిప్పాయి. 1973లో హునాన్ రాష్ట్రం చాంగ్షా దగ్గర మావాంగ్‌దుయిలో, క్రీ.పూ. 168లో మూసిన సమాధి నుంచి పట్టు వస్త్రం మీద రాసిన రెండు ప్రతులు బయటపడ్డాయి. వాటిలో గుణం గురించిన 'తె' భాగమే ముందుంది, 'తావో' భాగం తర్వాత వస్తుంది. 1993లో హుబెయ్ రాష్ట్రం గువోదియన్‌లో క్రీ.పూ. 300 ప్రాంతపు సమాధిలో వెదురు పలకలు దొరికాయి. ఇప్పటి పుస్తకంలో దాదాపు అయిదింట రెండు వంతుల పాఠం వాటిలో ఉంది. నీతి చర్చకు సంబంధించి అసలు విశేషం 19వ అధ్యాయంలో కనిపిస్తుంది. మనకు అందిన పాఠం కన్ఫ్యూషియస్ వర్గం నెత్తిన పెట్టుకున్న కరుణ, ధర్మాలను వదిలెయ్యమంటుంది. తావోవాదులకు నీతి లేదనేవాళ్లు రెండువేల ఏళ్లుగా చూపిస్తున్న సాక్ష్యం ఇదే. గువోదియన్ పలకల్లో ఆ చోట కరుణ, ధర్మం మాటలు లేవు. అక్కడ వదిలెయ్యమన్నది నటనను, కపటపు ఆలోచనను అని చాలామంది చదువుతున్నారు. ఆ అక్షరాలను ఎలా చదవాలన్న దాని మీద భేదాభిప్రాయాలున్నా, కరుణ మీద దాడి అక్కడ లేదన్నది మాత్రం గట్టి విషయం. ఆ కయ్యం పుస్తకం పుట్టినప్పటిది కాదని, తర్వాతి వర్గాల పోటీలో చేరిందని అనుకోవడానికి ఇది బలమైన ఆధారం.

తె ముందుంది కాబట్టి నీతే ముందన్న వాదనకు ఒక అభ్యంతరం వచ్చింది. ఆ క్రమం రాయసగాడి అలవాటో, పాలన మీద ఆసక్తి ఉన్న వర్గం చేసిన మార్పో కావచ్చని. నిజమే, క్రమాన్ని బట్టి గట్టిగా చెప్పలేం. మూడో శతాబ్దంలో ఇరవై నాలుగేళ్లయినా నిండకుండా పోయిన వాంగ్ బి వ్యాఖ్యానంతో తత్వమే అసలు సరుకన్న చూపు బలపడిందన్న మాట మాత్రం నిలుస్తుంది.

తత్వమా, మతమా

చైనీయంలో తావో చింతనకు ఒక పేరు, తావో మతానికి ఒక పేరు వేరుగా ఉన్నాయి. పంతొమ్మిదో శతాబ్దపు మిషనరీ పండితులు ఈ తేడాను గోడలా కట్టారు. లావో త్సుది, ఆయన తర్వాతి తావో చింతకుడు చువాంగ్ త్సుది ఉన్నత తత్వం, తర్వాత వచ్చిన గుళ్లు, తాయెత్తులు, పూజారులు పతనం అన్నారు. అమెరికన్ పండితుడు క్రీల్ 1956లో 'తావోయిజం అంటే ఏమిటి' అన్న వ్యాసంలో ఈ విభజనకు మరింత పదును పెట్టాడు. ఫ్రాన్సులో మాస్పెరో, ఆయన తర్వాత స్వయంగా తావో పూజారిగా దీక్ష తీసుకున్న క్రిస్టోఫర్ షిపర్ దీనికి ఎదురు నిలిచారు. బతికున్న మతాన్ని చూడకుండా రెండు పుస్తకాలు చదివి తావో ఇదీ అనడం, తిరుమల చూడకుండా ఉపనిషత్తులు చదివి హిందూమతం ఇదీ అన్నట్టుంటుందన్నది ఈ వర్గం మాటలోని సారం. ఈ పోలిక వాళ్లది కాదు, నాది.

ఆధారాలు షిపర్ వైపే ఎక్కువున్నాయి. క్రీ.శ. 142లో సిచువాన్ కొండల్లో జాంగ్ దావోలింగ్‌కు లావో త్సు దేవుడిగా కనిపించాడన్న నమ్మకంతో స్వర్గ గురువుల సంఘం మొదలైంది. చేరినవాడు అయిదు కుంచాల బియ్యం ఇవ్వాలి కాబట్టి బయటివాళ్లు దాన్ని ఆ బియ్యం పేరుతోనే పిలిచారు. బాటసారులకు ఉచితంగా తిండి పెట్టే సత్రాలు, రోగం వస్తే చేసిన తప్పులు ఒప్పుకునే ఆచారం, ఆడవాళ్లు కూడా గురుస్థానంలో ఉండటం అందులో ఉన్నాయి. తర్వాత వచ్చిన 180 నియమాలు చెట్లు అనవసరంగా నరకొద్దని, నీటిలో విషం కలపొద్దని, పక్షి గూళ్లు చెదరగొట్టొద్దని చెబుతాయి. వాంగ్ చుంగ్‌యాంగ్ పన్నెండో శతాబ్దంలో నెలకొల్పిన సన్యాస శాఖలో ఏడుగురు ముఖ్య శిష్యుల్లో సున్ బుయర్ అనే స్త్రీ ఒకరు. 1445లో అచ్చయిన తావో గ్రంథసంపుటంలో 5,305 భాగాలున్నాయి. ఇంత సరుకును పక్కకు తోసేసి ఒక చిన్న సూక్తుల పుస్తకంతో నీతిని తేల్చేస్తామంటే అది తొందరపాటే.

గుణం, కెలకకపోవడం, మూడు సొత్తులు

అసలు విషయం ఇది. తావో అన్న మాటకు తెలుగులో జోడీ లేకపోయినా 'తె'కు ఉంది. ఇంగ్లిషువాళ్లు దాన్ని సద్గుణం అనాలా, శక్తి అనాలా అని వందేళ్లుగా కొట్టుకుంటున్నారు. తెలుగులో ఆ తగువే లేదు. 'మంచి గుణం గల మనిషి' అంటాం, 'మందు గుణమిచ్చింది' అని కూడా అంటాం. స్వభావం, నడత, పనిచేసే సత్తువ మూడూ గుణం అన్న ఒక్క మాటలో ఇమిడిపోతాయి. వేరులో ఉన్న గుణం లాంటిదే మనిషిలో ఉన్న తె. దాన్ని బయటినుంచి తెచ్చి అంటించలేం, అడ్డు తొలిగితే అదే పనిచేస్తుంది. సాంఖ్యపు సత్త్వరజస్తమో గుణాలతో గందరగోళం వస్తుందేమో అన్న అనుమానం న్యాయమైనదే. కానీ వంటింట్లోనూ, వైద్యుడి దగ్గరా వాడే గుణం అన్న మాటకు సాంఖ్యంతో పని లేదు.

ఆ తర్వాత 'ఉ వెయ్'. దీన్ని మాటకు మాట పెట్టి 'నిష్క్రియ' అనడం వల్ల జరిగినంత నష్టం ఇంకే అనువాదం వల్లా జరగలేదు. 60వ అధ్యాయం రాజ్యపాలనను చిన్న చేపల వంటతో పోలుస్తుంది. తెలుగింటి వంటవాళ్లకు దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు. చేపల పులుసులో గరిటె పెట్టరు. గిన్నె అంచులు గుడ్డతో పట్టుకుని మెల్లగా తిప్పుతారు. మంట చూసుకుంటారు, పులుపు చూసుకుంటారు, పొంగు రాకుండా కనిపెట్టుకుని ఉంటారు. పని లేదని కాదు, కెలుకుడు లేదు. 'కెలకకపోవడం' అన్న మాట పండితులకు మోటుగా తోచవచ్చు గానీ ఉ వెయ్‌కు నిష్క్రియ కంటే అదే దగ్గర. చువాంగ్ త్సు పుస్తకంలో ఎద్దును కోసే వంటవాడి కత్తి పంతొమ్మిదేళ్లయినా మొద్దుబారదు. అతను ఎముకను నరకడు, కీళ్ల సందుల్లోంచి పోనిస్తాడు.

67వ అధ్యాయం మూడు సొత్తుల గురించి చెబుతుంది. మొదటిది తల్లికి బిడ్డ మీద ఉండే ప్రేమ, మన మాటలో కడుపు తీపి. రెండోది మితం. మూడోది అందరికంటే ముందుకు దూకే సాహసం చెయ్యకపోవడం. ఇవి మెత్తని గుణాలుగా కనిపిస్తాయి గానీ ఆ అధ్యాయం ధైర్యాన్ని కడుపు తీపిలోంచి, ఉదారతను మితంలోంచి పుట్టిస్తుంది. కన్ఫ్యూషియస్ నీతితో పోల్చి చూస్తే తేడా బాగా తెలుస్తుంది. అక్కడ తండ్రి, కొడుకు, రాజు, ప్రజ అన్న స్థానాలు, వాటికి తగిన మర్యాదలే నీతికి చట్రం. ఇక్కడ స్థానం లెక్క కాదు, ఎంత తగ్గి ఉండగలవన్నదే లెక్క. గీతతో పోలిస్తే తేడా ఇంకోచోట ఉంది. గీత పని మానొద్దంటుంది, ఫలం మీద ఆశ మానమంటుంది. ఎవరి స్వధర్మం వాళ్లు చెయ్యాలి, యుద్ధమైనా సరే. లావో త్సు పనినే తగ్గించమంటాడు. యుద్ధంలో గెలిచినా దాన్ని చావు ఇంటి తంతులాగే జరుపుకోమనే ఆ పుస్తకానికి, అర్జునుణ్ణి రథం మీద నిలబెట్టే పుస్తకానికి మధ్య ఉన్న దూరాన్ని 'రెండూ నిష్కామ కర్మే' అన్న ఒక్క మాట చెరిపెయ్యలేదు.

అభ్యంతరాలు

ఇది చేతులు ముడుచుకోవడం కాదా అన్నది పాత ప్రశ్న. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచింది. వేలమంది పోయారు. విశ్వేశ్వరయ్య సలహా మీద నదికి ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. 1912లో ఏర్పడ్డ నగరాభివృద్ధి బోర్డు పత్తర్‌గట్టి రాతి అంగళ్ల వంటివి లేపింది. తావో నీతిని నమ్మి కూర్చుంటే ఇవన్నీ ఉండేవా అని అడగొచ్చు. జోసెఫ్ నీధమ్ చైనా సాంకేతిక చరిత్ర రాస్తూ దీనికి దగ్గరి విషయమే చర్చించాడు. నదికి ఎత్తయిన కట్టలు కట్టి బిగించేవాళ్లు ఒక రకం, పాయలు విడదీసి చోటు వదిలేవాళ్లు మరో రకం, రెండోది తావో ధోరణి అన్నాడు. క్రీ.పూ. మూడో శతాబ్దంలో సిచువాన్‌లో లీ బింగ్ కట్టిన దుజియాంగ్యాన్ నదిని ఆపదు, చీలుస్తుంది. ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తోంది. ఇంజనీర్లకు ఈ మత ముద్రలు వెయ్యడం అతి అని తర్వాతివాళ్లు నీధమ్‌ను తప్పుపట్టారు. ఆ విమర్శలో నిజముంది. కానీ ఉ వెయ్ అంటే పని మానడం కాదనడానికి ఆ కాలువ చాలు. నది పరిధిలో ఇళ్లు కట్టకపోవడం కూడా వరద నివారణే అని మూసీ ఒడ్డున ఉన్నవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

రెండో అభ్యంతరం దీనికంటే బరువైనది. 3వ, 65వ అధ్యాయాలు ప్రజల కోరికలు తగ్గించి, కడుపులు నింపి, తెలివి పెరగనివ్వకపోవడమే మంచి పాలన అన్నట్టు ఉంటాయి. కఠిన శిక్షల సిద్ధాంతి హాన్ ఫెయ్ పేరు మీద ఉన్న గ్రంథంలో లావో త్సు మీద రెండు అధ్యాయాల వ్యాఖ్యానం ఉండటం కాకతాళీయం కాదు. తావోను మెచ్చుకునేవాళ్లు ఈ అధ్యాయాలను దాటేస్తారు. అది సరికాదు. అక్కడ 'తెలివి' అంటే జిత్తులు అని, పాలకుడు తన తెలివినే ముందు వదులుకోవాలని ఉందని జవాబు చెప్పొచ్చు. ఆ జవాబు సగమే సరిపోతుంది. ఆచరణలో చూస్తే రెండు ఫలితాలూ కనిపిస్తాయి. హాన్ చక్రవర్తి వెన్ కాలంలో, క్రీ.పూ. 167లో, అంగాలు నరికే శిక్షలు రద్దయ్యాయి, పన్నులు తగ్గాయి. లావో త్సు పేరుతో నడిచిన ధోరణి ఆస్థానంలో చెల్లుబాటైన రోజులవి. అదే సంప్రదాయాన్ని నియంతలూ వాడుకున్నారు. ఈ మచ్చ పోదు.

స్త్రీ విషయం కూడా ఇలాంటిదే. లోయ, తల్లి, ఆడ స్వభావం గురించి పుస్తకం గొప్పగా చెబుతుంది. అది ఆడవాళ్ల హక్కుల పత్రం కాదు, పాలకుడికి చెప్పిన ఉపమానం. సంఘాల్లో స్త్రీలకు దక్కిన గురుస్థానం దీనికంటే గట్టి సాక్ష్యం.

బ్రహ్మం దారి, సూఫీ దారి

మన కాలంలో తావోను ఉపనిషత్తుల పక్కన కూర్చోబెట్టిన పెద్ద పేరు సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1931 నుంచి 1936 దాకా ఉపకులపతిగా ఉన్న ఆయన, 1944 మేలో యుద్ధం నడుస్తున్న చైనాకు వెళ్లి ఉపన్యాసాలిచ్చారు. అవి అదే ఏడాది 'ఇండియా అండ్ చైనా' పేరుతో వచ్చాయి. అందులో తావో మీద ఒక అధ్యాయం ఉంది. దాని చూపు ఉపనిషత్తుల వైపు నుంచి వచ్చిందే. తర్వాత ఓషో హిందీ ప్రసంగాలకు 'తావో ఉపనిషత్' అని పేరే పెట్టేశారు. తెలుగు పాఠకుల్లో చాలామందికి లావో త్సు పరిచయమైంది ఓషో ద్వారానే. ఈ ఇద్దరూ తలుపు తెరిచారు, కాదనలేం. చెప్పలేనిదాన్ని 'కాదు, కాదు' అంటూ సూచించడం రెండుచోట్లా ఉందన్న మాటా నిజమే. కానీ అద్వైతుల బ్రహ్మం మారదు, మారేదంతా దానికంటే కింది మెట్టు. తావో మారుతూనే ఉంటుంది, వెనక్కి తిరగడమే దాని నడక. ఈ లోకంలోని పదివేల వస్తువులు అక్కడ మాయ కావు. ఉపనిషత్తుల్లో అద్వైతం ఒక్కటే లేదు కదా అంటే, అవును, లేదు. అయినా ఉపనిషత్తులు చివరికి తెలుసుకోమనేది ఆత్మను. లావో త్సు అడిగేది తెలుసుకోవడం కాదు, తగ్గడం. పొద్దున లేచి ఏం చెయ్యమంటుందన్నదే గీటురాయి అయితే ఈ రెండూ ఒకే గీత గీయవు.

సూఫీ పోలిక హైదరాబాదుకు మరీ దగ్గరిది. 1888లో ఇక్కడ మొదలైన అరబ్బీ గ్రంథాల ప్రచురణ సంస్థ దాఇరతుల్ మఆరిఫ్ 1948లో అచ్చువేసిన సూఫీ తాత్త్వికుడు ఇబ్న్ అరబీ 'రసాయిల్' ప్రతిని ప్రపంచమంతటా పండితులు వాడుతున్నారు. ఆ ఇబ్న్ అరబీని లావో త్సు, చువాంగ్ త్సులతో పోల్చి జపాన్ పండితుడు తొషిహికో ఇజుత్సు 1966-67లో పెద్ద గ్రంథం రాశాడు. చరిత్రలో ఎన్నడూ కలవని ఇద్దరి మధ్య సంభాషణ నడిపిస్తున్నానని ఆయనే ఒప్పుకున్నాడు. సంభాషణ నిజంగా జరిగిన చోటు మరొకటుంది. చైనా ముస్లిం పండితుడు ల్యూ జి (సుమారు 1660–1739) జామీ రాసిన పారశీక సూఫీ గ్రంథం 'లవాయిహ్'ను చైనీయంలోకి తెచ్చాడు. అల్లాను చెప్పడానికి అక్కడి పండితుల మాటలనే వాడుకున్నాడు. ఎదురు వాదన కూడా హైదరాబాదులోనే వినిపిస్తుంది. ఉస్మానియాలో తత్వం బోధించిన మీర్ వలీయుద్దీన్ సూఫీ మార్గం ఖురాన్‌లోంచే పుట్టిందని 1959లో పుస్తకమే రాశాడు. ఆ దృష్టిలో యజమానీ, దాసుడూ అన్న తేడా చెరగదు. తావోకు దాసులు లేరు, అది ఎవరి మీదా యజమాని కాదు. సృష్టికర్త ఉన్నచోట వినయం ఆయన ముందు వంగడం. తావో దగ్గర వినయం పల్లానికి దిగడం. వంగడమూ దిగడమూ పక్కపక్కనే నడవగలవు గానీ ఒకటి కావు.

శ్రీశైలం పొగ

రసవాదం సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు, ఎందుకంటే ఊహలు ఎక్కువ, ఆధారాలు తక్కువ. నాగార్జునుడు రాళ్లను బంగారం చేశాడని, మందుతో వందల ఏళ్లు బతికాడని హుయన్‌త్సాంగే రాశాడు. శ్రీశైలం సిద్ధుల కథలు తెలుగులో గౌరన 'నవనాథ చరిత్ర'గా పదిహేనో శతాబ్దంలో ద్విపదకెక్కాయి. చైనాలో గె హుంగ్ (283–343) అమృత గుళికల వంటకాలు ముందే రాసిపెట్టాడు. 648లో నారాయణస్వామి అనే భారతీయ వైద్యుణ్ణి ఆయుస్సు మందు కోసం చాంగాన్‌కు తీసుకుపోయారు. మరుసటి ఏడే చక్రవర్తి పోయాడు. రాకపోకలు ఉన్నాయన్నది దీంతో ఖాయం. ఎవరు ఎవరికి నేర్పారన్నది ఖాయం కాదు. డేవిడ్ గోర్డన్ వైట్ వంటివారు రెండు వైపులా అరువులు చూపిస్తారు గానీ, శ్రీశైలం పొయ్యి మీద చైనా పొగ ఎంతన్నది కొలవలేం. నీతికి సంబంధించి దీని విలువా తక్కువే. చావును తప్పించుకోవాలన్న ఆశకూ, భార్య చనిపోతే కుండ వాయిస్తూ పాడిన చువాంగ్ త్సు కథకూ పొత్తు కుదర్చడం తావోవాదులకే కష్టమైంది.

తేలనివి

తావో తె చింగ్ ఎవరికోసం రాశారు, రాజుకా, రైతుకా, సాధకుడికా అన్నది తేలలేదు. స్వభావాన్ని అడ్డగించకపోవడమే మంచైతే, క్రూరుడి స్వభావాన్ని ఏం చెయ్యాలన్న ప్రశ్నకు చువాంగ్ త్సు దగ్గర కథలున్నాయి, జవాబు లేదు. 180 నియమాలు పెట్టిన మతానికీ, నియమాలు పెరిగితే దొంగలు పెరుగుతారన్న పుస్తకానికీ మధ్య ఉన్న ఎడం అలాగే ఉంది.

అనువాదకులకు చువాంగ్ త్సులోనే ఒక హెచ్చరిక కనిపిస్తుంది. మధ్య దేశపు రాజు హుందున్‌కు మొహం మీద రంధ్రాలు లేవు. అతని ఆతిథ్యం పొందిన ఇద్దరు మిత్రులు, అందరికీ ఉన్నట్టు ఏడు రంధ్రాలు ఉంటే బాగుంటుందని రోజుకొకటి తొలిచారు. ఏడో రోజుకు అతను చచ్చిపోయాడు. పత్తర్‌గట్టిలో ముత్యానికి బెజ్జం పడకపోతే దండకెక్కదు, నిజమే. ప్రతిదాన్నీ దండకెక్కించనక్కర్లేదు. హుయన్‌త్సాంగ్ సంస్కృతానువాదం కామరూపం చేరిందో లేదో తెలియదు, ఒక్క ప్రతీ మిగల్లేదు. తార్నాకలోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో ఇప్పుడు చైనీస్ నేర్పుతున్నారు. అక్కడ చదువుకున్నవాళ్లెవరైనా వెదురు పలకల పాఠాన్ని, పట్టు వస్త్రపు పాఠాన్ని పక్కపక్కన పెట్టి, ఇంగ్లిషు మీదుగా కాకుండా నేరుగా తెలుగులోకి తేవాలి. తెచ్చేటప్పుడు 'తె'ను గుణం అనండి, ఉ వెయ్‌కు వంటింటి మాట వెతకండి, తావోను తావోగానే వదిలెయ్యండి.